కెరటం తర్వాత కట్టిన బడులు

స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, మన ఊరి చరిత్రో మన బడి చరిత్రో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. నేను రాస్తున్నది చెక్ దేశంలో పుట్టిన ఒక ఫ్యాషన్ మోడల్ గురించి. ముప్పై ఏళ్లకు పైగా సోషల్ పాఠాలు చెప్పిన మాస్టారికి ఈ వయసులో ఇదేం సరదా అని మా బ్యాచ్ వాళ్లు నవ్వుకోవచ్చు. నవ్వుకున్నా ఫర్వాలేదు గాని, చివరిదాకా చదవమని మనవి. ఆమె కథ ఒక చెట్టు దగ్గర మన కథను కలుస్తుంది.

1977 నవంబరు 19 నాటికి నేను ఎనిమిదో తరగతి. దివిసీమ ఉప్పెన అంటే ఏమిటో ఈ సంచిక చదివే పెద్దలకు నేను చెప్పనక్కర్లేదు. పదివేల మందికి పైగా పోయారని ప్రభుత్వ లెక్క. ఆ రాత్రి మా చిన్నాన్న తాడిచెట్టును కావలించుకుని ప్రాణం దక్కించుకున్నాడు. తెల్లారాక ఆయన చేతులు విడదీయడానికి ఇద్దరు మనుషులు పట్టారట. ఆ చెట్టు గరుకు గుండె మీద గీసిన చారలు ఆయన పోయేదాకా అలాగే ఉన్నాయి. ఇరవై ఏడేళ్ల తర్వాత సునామీ వార్తల్లో, ఒక మోడల్ చెట్టు పట్టుకుని ఎనిమిది గంటలు ప్రాణం నిలుపుకుందని చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ చారలే. అప్పటినుంచి ఆమె గురించి ఎక్కడ ఏం కనిపించినా చదువుతూ వచ్చాను.

బొగ్గు ఊరి అమ్మాయి

ఆమె పేరు పెట్రా నెమ్‌కోవా. 1979 జూన్ 24న కర్వినాలో పుట్టారు. అప్పటికి ఆ దేశం పేరు చెకొస్లొవేకియా. పోలండ్ సరిహద్దును ఆనుకుని ఉన్న కర్వినా బొగ్గు గనుల ఊరు. మనకు ఇల్లందు, కొత్తగూడెం ఎలాగో వాళ్లకు ఆ ప్రాంతం అలాగ. ఆమెకు పదేళ్లప్పుడు, 1989 చివరలో, అక్కడి కమ్యూనిస్టు పాలన ముగిసింది. 1993 జనవరి 1న దేశమే రెండుగా విడిపోయింది.

సరిహద్దులు తెరుచుకోగానే పడమటి దేశాల మోడలింగ్ ఏజెన్సీల వాళ్లు కొత్త ముఖాలను వెతుక్కుంటూ తూర్పు యూరప్‌కు వచ్చారు. అలా కంట పడినవాళ్లలో పెట్రా ఒకరు. ఇంకా టీనేజీలో ఉండగానే చెక్ దేశంలో మోడళ్ల పోటీ గెలిచారు. అక్కడినుంచి మిలాన్, పారిస్, న్యూయార్క్. 2003లో అమెరికాలోని 'స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్' పత్రిక స్విమ్‌సూట్ సంచిక ముఖచిత్రం మీద ఆమె ఫొటో వచ్చింది. 1964 నుంచి వస్తున్న ఆ సంచిక ముఖచిత్రం దక్కితే మోడల్‌గా ఇక ఎక్కాల్సిన మెట్టు లేదని ఆ రంగంలో వాళ్లంటారు. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు.

ఇంతవరకూ ఆమె కథలో మన సావనీరుకు ఎక్కేంత విశేషం ఏమీ లేదు. అందంగా ఉన్న అమ్మాయి, అదృష్టం కలిసొచ్చింది, అంతే.

చెట్టు మీద

2004 డిసెంబరు 26 ఆదివారం. పౌర్ణమి. ఉదయం మన టైము ఆరున్నర కావస్తుండగా సుమత్రా దీవి పక్కన సముద్ర గర్భంలో భూమి కంపించింది. తీవ్రత 9.1. అప్పటికి హిందూ మహాసముద్రంలో సునామీ హెచ్చరిక వ్యవస్థ అంటూ ఏదీ లేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో మన దేశపు హెచ్చరిక కేంద్రం ఏర్పడింది 2007లో. కాబట్టి ఆ ఉదయం ఎవరికీ ఏమీ తెలియదు. మన తీరంలో సముద్ర స్నానాలకు వెళ్లినవాళ్లు నీళ్లలోనే ఉన్నారు. జాలర్లు వలలు సర్దుకుంటున్నారు. ఆంధ్రప్రదేశ్ తీరంలో పోయినవాళ్ల సంఖ్య నూరు దాటింది. తమిళనాడులో ఒక్క నాగపట్నం జిల్లాలోనే వేలల్లో పోయారు. పద్నాలుగు దేశాల్లో కలిపి సుమారు 2,30,000 మంది అంటారు.

థాయ్‌లాండ్‌లో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతిన్న చోటు ఖావో లక్ తీరం. పెట్రా ఆ రోజు అక్కడే ఉన్నారు. ఆమెకు ప్రియమైన మనిషి, బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ సైమన్ అట్లీ, సెలవులకని ఆమెతో వచ్చారు. ఇద్దరూ బీచ్ పక్కన బంగళాలో ఉండగా నీళ్లు వచ్చిపడ్డాయి. ఇద్దరినీ చెరో వైపు లాక్కుపోయాయి. కొట్టుకొస్తున్న శిథిలాల మధ్య నలిగి ఆమె కటి ఎముకలు విరిగాయి. చేతికి అందిన ఒక తాటిజాతి చెట్టును పట్టుకున్నారు. ఎనిమిది గంటలు దాన్ని వదల్లేదు. చివరికి అక్కడి థాయ్ మనుషులు వచ్చి దించారు. సైమన్ మృతదేహం దొరికింది మార్చిలో. ఆయన వయసు 33.

ఆ తర్వాత ఇచ్చిన ఇంటర్వ్యూలలో ఆమె చెప్పిన మాట ఒకటి నన్ను చాలాకాలం వెంటాడింది. చెట్టు మీద ఉండగా చుట్టుపక్కల పిల్లల కేకలు వినిపించాయట. కొంతసేపటికి ఆ కేకలు ఆగిపోయాయట. చిన్నచేతులు, ఎంతసేపని పట్టుకుంటాయి? విరిగిన నడుముతో తాను వాళ్ల దగ్గరికి వెళ్లలేకపోయానని చెప్పారు. మా చిన్నాన్న కూడా ఉప్పెన గురించి అన్నీ చెప్పేవాడు గాని, ఆ రాత్రి ఏం విన్నాడో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే లేచి చుట్ట వెలిగించుకుని బయటికి వెళ్లిపోయేవాడు.

బడే ఎందుకు?

నెలల తరబడి మంచం మీద ఉండి, మళ్లీ నడక నేర్చుకున్నాక, 2005లోనే ఆమె థాయ్‌లాండ్‌కు తిరిగి వెళ్లారు. అదే ఏడాది తన అనుభవాలతో ఒక పుస్తకం వెలువరించారు. 'హ్యాపీ హార్ట్స్ ఫండ్' పేరుతో ఒక సంస్థ పెట్టారు. ఆమె ఎంచుకున్న పని ఒక్కటే. విపత్తులో కూలిన బడులను మళ్లీ కట్టడం.

బట్టలు పంచవచ్చు, బియ్యం పంచవచ్చు, ఆసుపత్రికి విరాళం ఇవ్వవచ్చు. బడే ఎందుకు? దీనికి ఆమె ఇచ్చిన జవాబులో ఒక గమనిక ఉంది. విపత్తు వచ్చిన వెంటనే ప్రపంచమంతా పరుగెత్తుకొస్తుంది. అన్నం, దుప్పట్లు, మందులు, కెమెరాలు అన్నీ వస్తాయి. కొన్ని వారాలకు అందరూ వెళ్లిపోతారు. ప్రభుత్వం ఇళ్లు, రోడ్లు, వంతెనలు ఒకటొకటిగా చూసుకుంటూ బడి దగ్గరికి వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. ఆ మధ్యకాలంలో పిల్లవాడు పిల్లవాడిగా ఉండడు కదా. పడవలోకో పొలంలోకో వెళ్లిపోతాడు. ఆడపిల్లకు పెళ్లయిపోతుంది. బడి తిరిగి లేచేసరికి కూర్చోవలసిన పిల్లలు ఉండరు. ఆమె ఆ మధ్యకాలంలోకి వెళ్లి నిలబడాలనుకున్నారు.

ఈ గమనిక ఎంత సరైనదో ఆ తర్వాతి చరిత్ర చూపించింది. 2005 అక్టోబరు 8న కాశ్మీర్ భూకంపం బడి వేళలో వచ్చింది. పాకిస్తాన్ వైపు సుమారు 17,000 మంది పిల్లలు తరగతి గదుల్లోనే పోయారని అంచనా. 2008 మే 12న చైనాలోని సిచువాన్‌లో పక్కన మేడలు నిలబడి ఉండగా బడులు కూలిపోయాయని తల్లిదండ్రులు రోడ్డెక్కారు. 2010 జనవరి 12న హైతీ భూకంపంలో దెబ్బతిన్న బడులు దాదాపు నాలుగు వేలు. భూకంపం మనిషిని చంపదు, కట్టడం చంపుతుందని ఇంజనీర్లు అనే మాట బడి విషయంలో మరీ నిజం. ఊళ్లో తక్కువ ఖర్చుతో, తక్కువ పర్యవేక్షణతో కట్టే భవనం చాలాచోట్ల బడే. అందులో రోజూ ఎక్కువసేపు కూర్చునేది మన పిల్లలే.

హ్యాపీ హార్ట్స్ ఫండ్ థాయ్‌లాండ్, ఇండోనేషియాలతో మొదలుపెట్టి, 2007 భూకంపం తర్వాత పెరూకు, 2010 తర్వాత హైతీకి వెళ్లింది. పదేళ్లు దాటేసరికి పది దేశాల దాకా విస్తరించి 150కి పైగా బడులు నిలబెట్టింది. వాటిలో చాలావరకు చిన్నపిల్లల బడులు. ప్రపంచంలో కూలిన బడులతో పోలిస్తే ఇది సముద్రంలో కాకిరెట్ట. కానీ ఒక్కొక్క బడిలో కూర్చున్న పిల్లవాడికి అదే మొత్తం బడి.

ముఖం, లెక్క

ఇక్కడితో ఆపితే ఇది అభినందన వ్యాసం అవుతుంది గాని చరిత్ర వ్యాసం కాదు. చరిత్ర చెప్పేవాడు రెండో వైపు కూడా చూడాలి.

ఇలాంటి సంస్థలకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ముఖం చూసి వస్తుంది. న్యూయార్క్‌లో పెద్ద హోటల్ హాలు, టేబుల్‌కు ఇంతని రేటు, విందు, పాట, మధ్యలో వేలం, ముందు వరసలో సినిమావాళ్లు. దాన్ని గాలా అంటారు. 2014 జూన్‌లో, సునామీ పదేళ్ల సందర్భంగా, హ్యాపీ హార్ట్స్ ఫండ్ అలాంటి ఒక గాలా చేసింది. మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్‌కు అవార్డు ఇచ్చింది. మరుసటి ఏడాది 'న్యూయార్క్ టైమ్స్' ఒక కథనం రాసింది. ఆ అవార్డుతోపాటు క్లింటన్ ఫౌండేషన్‌కు ఐదు లక్షల డాలర్లు వెళ్లాయనీ, అది ఆ రాత్రి మిగిలిన సొమ్ములో దాదాపు పావు వంతనీ అందులో ఉంది. ఆ డబ్బు హైతీలో కలిసి చేసే పనికేనని సంస్థ చెప్పుకొంది. నేరమేమీ జరగలేదు. కానీ బడుల కోసం అని జేబులో చెయ్యి పెట్టినవాళ్లు, అందులో పావు వంతు మరో పెద్ద సంస్థకు వెళ్లిందని తెలిస్తే ఏమనుకుంటారు? ఆ ప్రశ్న మాత్రం మిగిలింది.

నేను దీన్ని ఆమెను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. అందం, పేరు, ఫొటో ఇవన్నీ తలుపు తెరిపిస్తాయి. ఆ తలుపులోంచి డబ్బు వస్తుంది. ఆ డబ్బు ఇటుకగా మారేది మాత్రం లెక్క రాసేవాడి చేతిలోనే. ముఖం లేకపోతే డబ్బు రాదు, లెక్క లేకపోతే బడి రాదు. ఈ రెండింటికీ ఎప్పుడూ కొంత పేచీ ఉంటుంది.

ఇది ఎక్కడో అమెరికా గొడవ అనుకోవద్దు. 1977 ఉప్పెన తర్వాత ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు తదితర సినిమా వాళ్లు జోలె పట్టి రాష్ట్రమంతా తిరిగారు. వాళ్లను చూడ్డానికి వచ్చిన జనం జేబులు ఖాళీ చేసుకుని వెళ్లారు. ముఖం చూసి ఇవ్వడం మనకూ తెలుసు. అందులో తప్పూ లేదు. ఆ డబ్బు దేనిగా మారిందన్నదే తర్వాతి తరాలు చూసేది.

పెట్రా విషయంలో ఒక మంచి మలుపు 2017లో వచ్చింది. 'ఆల్ హ్యాండ్స్ వాలంటీర్స్' అని ఇంకో సంస్థ ఉంది. డేవిడ్ క్యాంప్‌బెల్ అనే అమెరికన్ వ్యాపారి దాన్ని మొదలుపెట్టారు. ఆయన కూడా అదే సునామీ తర్వాత సాయం చేయడానికి థాయ్‌లాండ్ తీరానికి వచ్చినవారే. ఆ సంస్థకు గాలాల కంటే వాలంటీర్లు బలం. పార పట్టి బురద ఎత్తేవాళ్లు, తాపీ పట్టేవాళ్లు. ఒకే కెరటం నుంచి పుట్టిన ఈ రెండు సంస్థలు పన్నెండేళ్లు వేరువేరుగా పనిచేసి, 2017లో 'ఆల్ హ్యాండ్స్ అండ్ హార్ట్స్' పేరుతో ఒకటయ్యాయి. వినడానికి చిన్న విషయమే. కానీ తన పేరు మీద నడుస్తున్న సంస్థను మరొకరి సంస్థలో కలపడానికి ఒప్పుకోవడం ఎంత కష్టమో, సంఘాలు నడిపినవాళ్లను అడగండి. మన సంఘంలోనే రెండు బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపులు కలపడానికి మనకు మూడేళ్లు పట్టింది!

మన మినిట్స్ పుస్తకం

ఈ వ్యాసం కోసం కార్యదర్శిగారి ఇంటికి వెళ్లి మన సంఘం మొదటి మినిట్స్ పుస్తకం తీసుకున్నాను. అట్ట ఊడిపోయింది. చెదలు ఒక మూల తిన్నాయి. సంఘం పుట్టింది 1976లో. మొదటి ఏడాది తీర్మానాలన్నీ ఒకటే తీరు. వార్షికోత్సవం, మైకు సెట్టు, గురువులకు శాలువాలు, ఎవరి పేరు ఎవరి తర్వాత చదవాలి. ఒక పేజీ నిండా ఆ చివరి గొడవే.

తర్వాత 1978 జనవరి. ఉప్పెన వచ్చి రెండు నెలలు. చేతిరాత మారింది. అంతకుముందు రాసిన కార్యదర్శి ఇక లేరు. కొత్త చేతిరాతలో శాలువాల ఊసు లేదు. తాటాకులు ఎన్ని మోపులు, సర్వీ బాదులు ఎన్ని, కూలి ఎంత, ఎవరు ఎన్ని రోజులు పని చేశారు. వారాల తరబడి అవే లెక్కలు. ఆ పందిట్లోనే నేను ఎనిమిదో తరగతి పూర్తి చేశాను. వాన వస్తే పలకలు నెత్తిన పెట్టుకునేవాళ్లం. అయినా బడి ఉంది. హాజరు పిలిచేవారు. పిలిచినప్పుడు పలకని పేర్ల దగ్గర మాస్టారు కొంచెంసేపు ఆగేవారు. వారం పదిరోజులు అలా ఆగి, ఒకరోజు ఆ పేర్లు చదవడం మానేశారు. ఆ రోజు మాకెవరికీ అన్నం సహించలేదు.

ఆ పందిరి లేకపోతే నేను మాస్టారినయ్యేవాణ్ని కాదు. పడవెక్కేవాణ్ని. మా బ్యాచ్‌లో పడవెక్కినవాళ్లూ ఉన్నారు. పందిరి వేసేలోగా ఇంట్లో తిండికి ఎవరో ఒకరు సంపాదించక తప్పనివాళ్లు. వాళ్లకు తెలివి తక్కువై కాదు, బడి రెండు నెలలు ఆలస్యమై. పెట్రా నెమ్‌కోవా చెప్పిన మధ్యకాలం అంటే ఏమిటో నాకు పుస్తకాలు చదివి తెలియలేదు.

2004 సునామీ నాటికి నేను తీరంలో ఒక ప్రభుత్వ బడిలో పనిచేస్తున్నాను. సోమవారం ఉదయం తరగతికి వెళితే సగం బెంచీలు ఖాళీ. ఆ వారమంతా నేనూ, తోటి మాస్టర్లూ పేటల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పిలుచుకొచ్చాం. ఒకామె అడిగింది, 'పడవే లేదు, వలే లేదు, బడికెందుకు మాస్టారూ?' అని. నా దగ్గర పెద్ద జవాబేమీ లేదు. 'మధ్యాహ్నం అన్నం పెడతాం, పంపమ్మా' అన్నాను. పంపింది.

ఇప్పుడు స్వర్ణోత్సవానికి మన సంఘం ముందు రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. ఒకటి, రోడ్డు మీద కనపడేలా స్వాగత ద్వారం కట్టి దాతల పేర్లు చెక్కించడం. రెండు, పడమటి వైపున్న నాలుగు గదులు. స్లాబు పెచ్చులూడుతోందని రెండేళ్లుగా తాళం వేసి ఉన్నాయి. ఆరు, ఏడు తరగతులు వరండాలో కూర్చుంటున్నాయి. ద్వారానికి విరాళాలు బాగానే వస్తున్నాయట. గదులకు అంతగా రావడం లేదట. ద్వారం ఫొటోలో పడుతుంది, స్లాబు పడదు. దీనికి నేనెవరినీ తప్పుపట్టను. పేరు కనిపించాలని ఉండడం మనిషి గుణం. ముఖచిత్రం మీద పేరు తెచ్చుకున్న అమ్మాయి కూడా ఆ పేరునే పెట్టుబడిగా పెట్టింది. కాకపోతే ఆ పేరును ఎవరూ ఫొటో తీయని చోటికి, చిన్నపిల్లల తరగతి గదుల్లోకి తీసుకెళ్లింది. పేర్లు చెక్కించదలిస్తే ఆ నాలుగు గదుల గోడల మీద చెక్కిద్దాం. రోజూ చదివేవాళ్లుంటారు. ద్వారం మీద పేర్లు బస్సులో పోయేవాళ్లకు ఎన్ని కనపడతాయి?

తోటి పూర్వ విద్యార్థులనూ, నా తోటి ఉపాధ్యాయులనూ నేను కోరేది ఇదే. సర్వసభ్య సమావేశానికి వచ్చేముందు ఒకసారి ఆ వరండా చూసి రండి. ఎండ ఏ పూట ఎటునుంచి పడుతుందో, పిల్లలు ఎలా జరిగి కూర్చుంటారో చూడండి. తర్వాత మీ ఇష్టం.

మినిట్స్ పుస్తకంలో 1978 జూన్ పేజీ ఇలా ముగుస్తుంది. పందిరి తీసేసి రేకుల షెడ్డు వేసిన రోజు. విరాళాలిచ్చినవారి పేర్ల జాబితా ఉంటుందని వెతికాను. లేదు. దాని బదులు ఆ కొత్త చేతిరాతలో రెండే పంక్తులు ఉన్నాయి. మొదటిది, షెడ్డు పూర్తయింది. రెండోది, బల్లలు ఇంకా కావాలి.